పదిహేడు లెక్కల నిశ్శబ్దం

హాలో ఫెర్రీ అనే బ్యాండు పేరు మొత్తం వరంగల్‌లో మహా అయితే ముగ్గురికి తెలుసు. ఆ ముగ్గురూ మా ఇంటివాళ్లే. ఒకదాన్ని నేను, రెండో మనిషి మా బాపు, మూడోవాడు మా తమ్ముడు పండరి. వాడు ఉన్నాడా లేడా అన్నదాని మీదే పోయిన ఎండాకాలమంతా మా ఇంట్లో రగడ నడిచింది.

ముందు ఆ బ్యాండు సంగతి చెప్పాలి, లేకపోతే నాకు పిచ్చి అనుకుంటారు. చెప్పాక కూడా అనుకోవచ్చు, నాకేం ఫికర్ లేదు. వాళ్లది ఫిన్లాండ్. వాయించేది మెటల్, అంటే చెవులదిరే గిటార్ల హోరు, కానీ తిన్నగా వాయించరు. ఒక్కో పాట ఇరవై నిమిషాలుంటుంది, అందులో తాళం పది చోట్ల మారుతుంది. స్టేజీ మీద వాయించినదాన్ని ఇంతవరకు ఒక్క ఆల్బమ్‌గా కూడా వదల్లేదు, ఎవరినీ రికార్డు చేయనివ్వరు. అందుకని అభిమానులే కళ్లద్దాల కాడల్లో, టోపీల్లో చిన్న మైకులు దాచుకుపోయి దొంగతనంగా రికార్డు చేస్తారు. వాళ్లను టేపర్లంటారు. ఆ రికార్డింగులను అమ్మకూడదు, కొనకూడదు. నీ దగ్గరున్నది ఒకటి ఇచ్చి నా దగ్గరున్నది ఒకటి తీసుకోవాలి, అంతే. నా దగ్గర అప్పటికి రెండు వందల పద్నాలుగు కచేరీలున్నాయి.

వాళ్ల పాటల్లో ‘సెవెంటీన్ గేట్స్’ అని ఒకటుంది. దాని నడుమ అందరూ ఒక్కసారిగా వాయించడం ఆపేస్తారు. సరిగ్గా పదిహేడు లెక్కలు నిశ్శబ్దం. హాల్లో ఎవరూ అరవరు, చప్పట్లు కొట్టరు, అది అభిమానుల మర్యాద. పద్దెనిమిదో లెక్కకు అందరూ కలిసి బాదుతారు. ఆ పదిహేడు లెక్కల్లో టేపులో వినబడేది హాలు మాత్రమే. ఎవరో దగ్గుతారు, ఎక్కడో గ్లాసు పడుతుంది. కూడబెట్టే మాలాంటివాళ్లకు పాటకన్నా ఆ ఖాళీయే ముద్దు. దగ్గును బట్టి అది ఏ ఊరి టేపో చెప్పేస్తాం.

నాకు ఈ పిచ్చి అంటించింది పండరే. రెండు వేల పదిహేడు డిసెంబరులో ఆ బ్యాండు మన దేశంలో ఒకే ఒక్క కచేరీ చేసింది, బెంగళూరులో. వాడు భుజానికో సంచి తగిలించుకుని కాజీపేటలో రైలెక్కాడు. మళ్లీ రాలేదు. ఫోను దారిలోనే ఆగిపోయింది. కచేరీకి చేరాడో లేదో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. నేను టేపులు కూడబెట్టడం మొదలుపెట్టింది అప్పుడే. నాకు కావాల్సింది ఆ బెంగళూరు టేపు ఒక్కటే. అది ఎవరి దగ్గరా లేదు. దాన్ని వెతుక్కుంటూ పోతే మిగతా రెండు వందల పద్నాలుగు చేతికొచ్చాయి.

బాపు కొత్తవాడలో దర్రీలు నేస్తాడు, నేల మీద పరిచే జంపఖానాలు. మగ్గం ఇంట్లోనే, గుంతలో కూర్చుని నేసే గుంత మగ్గం. నలభై ఏళ్లు పోగును బాదే మగ్గం పలక చప్పుడు విన్న చెవి ఆయనది, పోగు తెగితే చూడకుండానే తెలుసుకుంటాడు. టేపర్లలో చాలామంది ఇప్పటికీ పాత క్యాసెట్ రికార్డర్లే వాడతారు. అవి ఒకటి జోరుగా, ఒకటి నిదానంగా తిరుగుతాయి. వాటి వేగం సరిచేయడం పెద్ద తలనొప్పి. ఒకరోజు నేను తంటాలు పడుతుంటే బాపు వెనక నిలబడి, “జర కిందికి. ఇంక జర. ఆఁ, ఇగ ఆగు” అన్నాడు. సరిగ్గా కుదిరింది. అప్పటి నుంచి రెండేళ్లుగా ఆయన్నే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించేదాన్ని, తెగిన ముక్కలు అతకడం కూడా నేర్పాను. బ్రెజిల్ వాళ్లూ పోలండ్ వాళ్లూ ‘వరంగల్ స్పీడు’ అని అడిగి మరీ తీసుకునేవారు. బాపు మీసాల కింద నవ్వుకునేవాడు.

ఉగాది వెళ్లిన వారానికి, అన్నం తింటూ ఆయన తల ఎత్తకుండా అన్నాడు.

“వైశాఖ అమాస్య నాడు పండరిగానికి జేసేది జేద్దామనుకుంటాన.”

అమ్మ గరిటె ఆగిపోయింది. “జేసేదంటే?”

“ఏడేండ్లు దాటింది ఇందిరా. పంతులును అడిగిన. మోదుగాకులతోని మనిషి బొమ్మ జేసి దహనం జేయాల్నట.”

“సచ్చిండని నీకు ఎవలు జెప్పిన్రు?”

“వాడే జెప్తాండు.” బాపు కంచంలో వేళ్లతో మెతుకులు పక్కకు జరిపాడు. “మిట్టపగలు మగ్గం గుంతల కూసుంటనా, ఎనుకకెళ్లి వచ్చి నిలవడుతాండు. దూప, బాపు, దూప అంటాండు. తిరిగి సూత్తె ఉండడు. నీళ్లు వదలకపోతె వాని దూప ఎట్ల తీరుతది?”

నేను మగ్గం గది వైపు చూశాను. ఆ మగ్గం గదిలో నేను ఒంటరిగా బట్టలు ఆరేస్తుంటాను మరి.

అమ్మ మాత్రం జంకలేదు. “నా కొడుక్కు నువ్వు నిప్పు వెడితె, ఆ నిప్పుల నన్ను గూడ ఎయ్యి” అని కంచం ముందు నుంచి లేచిపోయింది.

నేను ఊరుకోవాల్సింది. నోటికి తాళం ఎప్పుడూ ఉండదు నాకు. “అమాస్యకు ఇంక రెండు నెల్లు ఉంది గద బాపు. బెంగళూరు టేపు దొర్కుతదేమో సూద్దాం” అన్నాను.

దొరికింది. ఏప్రిల్ ఆఖరున పోలండ్ మనిషి ఒకాయన, పేరు కూడా తెలియదు నాకు, మూడు ‘వరంగల్ స్పీడు’ కచేరీలకు బదులుగా పంపాడు. హన్మకొండలో డయాగ్నొస్టిక్ సెంటర్లో ఈసీజీలు తీసే ఉద్యోగం నాది. పొద్దున ఆరింటికి పోతే ఒంటిగంట దాటాక ఇల్లు చేరతాను. ఆ రోజు చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. టేపరు ఎక్కడ నిల్చున్నాడో రాసి ఉంది. మూడో వరుస, ఎడమ పక్క.

సెవెంటీన్ గేట్స్ వచ్చింది. ఆగిపోయింది. నిశ్శబ్దం.

మైకుకు బాగా దగ్గర, చెవిలో చెప్పినట్టు, ఒక గొంతు గుసగుసగా లెక్కపెట్టింది. “లాభం, రెండు, మూడు, నాలుగు...”

వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు కదా, లాభం అంటారు. మా నాయనమ్మ దేన్ని లెక్కించినా అలాగే మొదలుపెట్టేది. మా ఇంట్లో పోగులకూ అదే లెక్క, మెట్లకూ అదే లెక్క. బెంగళూరు హాల్లో, అంతమంది ఊపిరి బిగబట్టి నిలబడినచోట, ఎవడో పదిహేడు దాకా అలా లెక్కపెట్టాడు.

“బాపూ! అమ్మా!” అని నేను పెట్టిన కేకకు పక్కింటి మొగిలమ్మ కూడా గోడ మీది నుంచి తొంగి చూసింది.

స్పీకర్లో పెట్టాను. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. “జోరు నడుస్తాంది. గొంతు సన్నగ వస్తాంది. నన్ను జెయ్యనియ్యి” అని మౌస్ అందుకున్నాడు. రెండు శాతం తగ్గించాడు. మూడు. అంతవరకు ఎవరిదో అన్నట్టున్న గొంతు మూడు శాతం దగ్గర పండరిది అయిపోయింది. తొమ్మిది దగ్గర నాలుక మడతపడే వాడి అలవాటుతో సహా.

నేను ఏడ్చాను. దాచుకునేదేముంది, బోరుమన్నాను. అమ్మ ఏడవలేదు. స్పీకరు మీద అరచెయ్యి పెట్టి, “గొంతు ఎండిపోయినట్టుంది. నీళ్లు గూడ తాగినట్టు లేడు” అంది.

బాపు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. “చేరిండు. సరే. చేరినంక?” అన్నాడు.

నేను మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

మర్నాటి నుంచి అమ్మకు ఆ పదిహేడు లెక్కలే లోకమైపోయాయి. పొయ్యి వెలిగించడం, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవడం. తిండి మానేసింది. వారం తిరిగేసరికి జాకెట్టు భుజాల దగ్గర వదులైపోయింది. దవాఖానకు పోదామంటే, “నాకేం రోగం? నా కొడుకును ఇంటాన” అంటుంది. బెంగళూరుది విని విని, తర్వాత మిగతావి కూడా వినడం మొదలుపెట్టింది. ఒక్కో కచేరీ పెట్టి, ఆ పాట దాకా జరిపి, నిశ్శబ్దంలో వాడికోసం వెతికేది. ఎలా జరపాలో నేనే నేర్పాను, ఆ పాపం నాది. బాపు మగ్గం గుంతలో కూర్చుని ఆమెనే చూస్తుండేవాడు. పలక ఆడేది కాదు.

మే నెల నడిమిలో నేను గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, అమ్మ లోపలి నుంచి కేకేసింది.

“నవతా! ఈడ గూడ ఉన్నడే!”

అది ఒసాకా టేపు, రెండు వేల పంతొమ్మిదిది. ఒసాకా ఖాళీ నాకు కంఠతా వచ్చు. ఒక ఆడమనిషి రెండుసార్లు గొంతు సవరించుకుంటుంది, ఇంకేమీ ఉండదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఆడమనిషి గొంతు సవరించుకుంది. దాని వెనకే, మెల్లగా, “లాభం, రెండు, మూడు...”

వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. రెండు వందల సార్లు విన్నాను ఆ టేపును. అప్పుడు లేని మనిషి ఇప్పుడెలా వచ్చాడు? నేను ఎప్పుడూ సరిగా వినలేదా? ఇన్నేళ్లూ వాడు నా చెవి పక్కనే లెక్కపెడుతుంటే నాకే పట్టలేదా?

టేపులు కూడబెట్టేదాన్ని కదా, ఆ క్షణమే పరీక్ష చేయాల్సింది. చేయలేదు. ఎందుకు చేయలేదో కూడా చెబుతాను. నాకూ వాడు కావాలి.

ఐదు రోజులకు వార్సా టేపులోనూ దొరికాడు, రెండు వేల ఇరవై రెండుది. ఇక అమ్మకు పట్టపగ్గాల్లేవు.

“దేశాలు వట్టుకొని తిరుగుతాండు, ఆ హాలోగాళ్ల ఎంబడి. అమ్మ లేదు, అయ్య లేడు, అక్క లేదు. రానియ్యి, చీపురు తిరగేసి కొడత” అని తిడుతూ రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది. మొగిలమ్మ గోడ దగ్గరకు వచ్చి, “కొడుకు టేపుల దొర్కిండట గదనే ఇందిరమ్మా, ఎప్పుడొస్తడట?” అని అడిగితే, “పాటలు అయిపోవద్దా?” అంది మా అమ్మ. ఏడేళ్ల తర్వాత మా ఇంట్లో నవ్వు వినబడింది. నేనూ నవ్వాను. అన్నం తింటుంటే మాత్రం మగ్గం గది వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయేదాన్ని.

బాపు దహనం మాట మళ్లీ ఎత్తలేదు. “పంతులుకు వద్దని చెప్పిన” అన్నాడు. అమావాస్య నాడు మాకు మగ్గం ఆడదు. “వర్ధన్నపేటల యాకయ్య మగ్గం ఇరిగిందట, సూసొస్త” అని పొద్దున్నే బస్సెక్కి పోయాడు. సాయంత్రం వచ్చి, గడప దాటకముందే బయట నల్లా కింద తలమీద నీళ్లు పోసుకున్నాడు. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయి, మనిషి ఎంత అనుకున్నాను.

జూన్ మొదటి వారంలో, ఇంకా చినుకు పడకముందు, అమ్మ మూడోసారి కేకేసింది. ఆ రోజు నాకు సెలవు.

“ఇగో, ఇండ్ల సూడు. ఈసారి గొంతు జర ముదిరింది పోరనిది.”

లిస్బన్. రెండు వేల ఇరవై నాలుగు అక్టోబరు. మార్చిలో వచ్చింది నాకు. ఒక్కసారి, అలసిపోయి పడుకుని, సగం నిద్రలో విన్నాను. ఖాళీలో ఏముందో గుర్తులేదు. ఇప్పుడు విన్నాను. “లాభం, రెండు...” అమ్మ చెప్పింది నిజమే, గొంతు కాస్త బరువెక్కింది. పదకొండు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకున్నాడు.

అప్పుడు నాకు సంతోషం కాదు, భయం వేసింది. ఇంకెన్ని టేపుల్లో ఉన్నాడు వీడు?

అమ్మ మొగిలమ్మకు చెప్పడానికి వెళ్లగానే, మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. మా టేపుల మార్పిడిలో ప్రతి రికార్డింగు వెంట ముప్పై రెండు అక్షరాల గుర్తు ఒకటి వస్తుంది, వేలిముద్ర అంటాం. కంప్యూటర్‌తో మళ్లీ లెక్క కట్టిస్తే అదే గుర్తు రావాలి. రికార్డింగులో ఎవరైనా ఆవగింజంత మార్చినా గుర్తు మొత్తం మారిపోతుంది. ఒసాకాకు లెక్క కట్టించాను. కలవలేదు. వార్సాకు కట్టించాను. కలవలేదు. ఎప్పుడు మార్చారో ఒసాకా ఫైలు మీదే ఉంది. మే పద్నాలుగు, పన్నెండు నలభై. నేను డ్యూటీలో ఉండే వేళ, అమ్మ కునుకు తీసే వేళ.

నా ఒళ్లు మండిపోయింది. ఆ ఒసాకా టేపు ప్రపంచంలో నలుగురి దగ్గరే ఉంది. దాన్ని చెడగొట్టి, అమ్మను ఆగం చేసి, నన్ను నెలరోజులుగా పట్టపగలు దయ్యానికి భయపడేలా చేసి! మూడోది చూసే ఓపిక కూడా లేకుండా మగ్గం గదిలోకి దూసుకుపోయాను.

“బాపూ, ఒసాకా, వార్సా రెండిట్ల పండరిగాని గొంతు అతికింది నువ్వే గద?”

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చేతిలో నూలు కండె అలాగే ఉంది.

“తెగిన పోగు అతికినట్టే అతికిన బిడ్డా. నువ్వు నేర్పిందే గద ఆ పని. మీ అమ్మ బుక్కెడు బువ్వ దినకపాయె. కండ్ల ముంగట ఎండిపోతాంటె ఏం జెయ్యాలె?”

“అబద్ధం జెప్పి తినవెడతవా? రేపు వాడు రాకపోతె?”

“మీ అమ్మకు కొడుకు గావాలె. వానికి నీళ్లు గావాలె. ఒకటి జేస్తె ఇంకోటి ఆగమైతది.” బాపు కండె కింద పెట్టాడు. “అందుకె రెండు జేసిన.”

“రెండంటే?”

“అమాస్య నాడు. యాకయ్య మగ్గం ఏం ఇరగలే. వర్ధన్నపేట కాడ, ఆకేరు వాగుల, మోదుగాకులతోని బొమ్మ జేసి కాల్చిన. పంతులు అక్కడికే వచ్చిండు. వాగుల సుక్క నీళ్లు లెవ్వు. ఇసుకల చెలిమ తవ్వి, ఊరిన నీళ్లు దోసిట్ల వట్టి వదిలిన. అప్పటి సంది నా ఎనుక ఎవ్వలు నిలవడ్తలేరు బిడ్డా. దూప తీరినట్టుంది.”

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. గుంత గట్టు మీద కూలబడ్డాను. కొడుక్కు ఒంటరిగా తలకొరివి పెట్టి వచ్చి, నల్లా కింద తడిసిన మనిషిని, ఎండకు అనుకున్నాను నేను.

“నాకన్న జెప్పకపోతివి” అన్నాను. “సరే తియ్యి, అయిపోయింది. కని మూడోది ఎందుకు అతికినవ్? రెండుతోని అమ్మ నమ్మింది గద.”

“మూడోదేంది?”

“లిస్బన్‌ది. ఇప్పుడే దొర్కింది అమ్మకు.”

బాపు నా మొహంలోకి చూశాడు. “నేను జేసింది రెండే.”

లేచి కంప్యూటర్ దగ్గరికి పోయాను. ఆయన వెనకే వచ్చాడు. లిస్బన్‌కు లెక్క కట్టించాను. రెండు నిమిషాలు పడుతుంది. గోడ అవతల అమ్మ మొగిలమ్మతో ఏదో చెప్పి గట్టిగా నవ్వడం వినబడింది.

తెర మీద రెండు వరుసలు వచ్చాయి. పైన లిస్బన్ టేపరు పంపిన గుర్తు, కింద ఇప్పుడు లెక్కకట్టిన గుర్తు. బాపుకు ఇంగ్లీషు చదవడం రాదు.

“ఏమంటాంది?” అన్నాడు.

“ఇది గూడ కలువలే బాపు” అన్నాను. “నువ్వే జేసి మరిసిపోయినవ్.”

ఆయన అద్దాలు సర్దుకుని తెర దగ్గరకు వంగాడు. ఒక చూపుడు వేలు పై వరుస మీద, ఇంకో చూపుడు వేలు కింది వరుస మీద పెట్టాడు. దర్రీ రెండు అంచులూ సరిచూసినట్టు, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ రెండు వేళ్లూ కలిపి జరిపాడు. చివరిదాకా జరిపి, మళ్లీ మొదటి నుంచి జరిపాడు.

“రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్ గద బిడ్డా.”

నేను మౌస్ అందుకుని దాన్ని మూసేయబోయాను.

“ఎప్పటిదిది?”

“పోయిన అక్టోబర్‌ది.”

బాపు కొయ్యకున్న అంగీ తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

“పంతులు ఇంటికాడ ఉంటడా ఇప్పుడు?”

“ఇంత ఎండల ఎందుకు బాపు?”

“కాల్చింది వాపసు జేసేటిది ఏమన్న ఉంటదా, అడిగొస్త” అన్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు.